నేను రంగూన్ వెళ్లలేదని తేలిన రోజు

నేను సముద్రం దాటలేదని ఆత్మకూరులో ఒక పొద్దున తేల్చారు. తేల్చే వేళకు నేను ఊళ్లో తీర్పులు చెప్పే పెద్దాయన ఇంటి అరుగు కింద ఎండలో నిలబడి ఉన్నాను. మూడేళ్లు రంగూన్‌లో ఉండి ఇల్లు చేరి అప్పటికి పదహారు రోజులు. ఒంటి మీది చొక్కా రంగూన్‌లో కుట్టించుకున్నదే. అరుగు మీద పరిచిన ముప్ఫై కాగితం ఫొటోలు, ఒక అద్దం ఫొటో, అన్నీ అక్కడివే. పెద్దాయన చివరిదాన్ని పక్కన పెట్టి, కళ్లజోడు తీసి ఉత్తరీయంతో తుడుచుకున్నాడు.

"ఈ పిల్లోడు సముద్రం దాటలా. దాటినట్టు ఇందులో ఎక్కడా లేదు. వాళ్ల నాయన తద్దినం పెట్టుకోవచ్చు" అన్నాడు.

చిన్నాయన అరుగు మెట్టు మీద కూలబడ్డాడు. వీధి అవతల నిలబడి చూస్తున్న అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకేం చేయాలో తోచక, రంగూన్‌లో మా మిల్లు దొరకు పెట్టినట్టు ఒక సలాం పెట్టబోయి చెయ్యి దించేశాను.

అక్కడిదాకా ఎలా వచ్చిందో చెప్పాలి.

ధాత నామ సంవత్సరంలో వచ్చిన పెద్ద కరువుకు ముందు ఏడు నేను రంగూన్‌లో ఒక బియ్యం మిల్లుకు లెక్కల గుమాస్తాగా వెళ్లాను. మా ఇళ్లలో ఓడ ఎక్కడం నిషేధం. నాయన ఒప్పుకోలేదు, ఆపనూ లేదు. "పోతే చెప్పి పో, వస్తే చెప్పకుండా రా" అన్నాడు. అంటే ఏమిటో అప్పుడు నాకు అర్థం కాలేదు.

మిల్లు పక్క వీధిలో ఒక ఆర్మీనియా ముసలాయన ఫొటోల దుకాణం ఉండేది. సెలవు రోజుల్లో ఊరికే చూడ్డానికి వెళ్లి, ఆరు నెలలకు ఆయన సామాను మోసేవాణ్ణి అయ్యాను, ఇంకో ఆరు నెలలకు ఫొటోలు తీసేవాణ్ణి అయ్యాను. అప్పట్లో ఫొటో తీయడమంటే గుడారం, మందు సీసాలు, గాజు పలకలు వెంట తీసుకుపోవడమే. పలక మీద జిగురు మందు పోసి, చీకటి గుడారంలో వెండి కలిపిన నీళ్లలో ముంచి, ఆ తడి ఆరేలోపల ఫొటో తీసి కడిగేయాలి. ముసలాయన పడవ కట్టించుకుని ఐరావతి నది వెంట ఎగువకు పోయి, గుడులూ ఏనుగులూ రేవులూ తీసేవాడు. స్వదేశం వెళ్లిపోయే దొరలు ఆ ఫొటోలు కొనుక్కుపోయేవారు. రెండుసార్లు నేనూ ఆయన వెంట వెళ్లాను.

నాయనకు ఆ సంగతులన్నీ రాశాను. ఆయన జవాబులో ఒకటే అడిగాడు: ఆ నది మన పెన్న అంత ఉంటుందా, నోటితో చెబితే నమ్మను, బొమ్మ తీసి చూపించు. అందుకని ఐరావతిని తీశాను. టపాలో నలిగిపోతుందని పంపలేదు. నేనే తెచ్చి చేతికిద్దామనుకున్నాను. ఈలోగా నాయన పోయారని చిన్నాయన జాబు వచ్చింది. అది నా చేతికి అందేసరికి ఆయన పోయి నెలన్నర. మిల్లుకు రాసిచ్చిన గడువు ఇంకా తొమ్మిది నెలలు ఉంది. గడువు తీరేదాకా ఉండి, మొదటి ఏటి తద్దినానికి అందేలా బయలుదేరాను. పెద్దకొడుకుని. అంత్యక్రియలు, నెలనెలా మాసికాలు చిన్నాయనే చేశాడు. ఈ ఒక్కటైనా నా చేత్తో పెట్టాలని నా పట్టు.

ఇంటికొస్తే అమ్మ నన్ను గడప దాటనివ్వలేదు. వాకిట్లో విస్తరాకు వేసి, దూరం నుంచి అన్నం వడ్డించింది.

"తిను నాయనా. లోపలికి మాత్రం రావాకు. నువ్వు లోపలికొస్తే తద్దినానికి భోక్తలు రారు."

నా చేత తద్దినం పెట్టిస్తే భోక్తగా విస్తరి ముందు కూర్చోడానికి ఆత్మకూరులో ఒక్క బ్రాహ్మడూ ఒప్పుకోలేదు. ప్రాయశ్చిత్తం ఉంది. దానికి పీఠం నుంచి అనుమతి పత్రం రావాలి. అది రావడానికి ఎంత లేదన్నా నాలుగు నెలలు. తద్దినానికి ఉన్నది ఇరవై ఏడు రోజులు.

చిన్నాయన వెళ్లి పెద్దాయన కాళ్లమీద పడ్డాడు. ఈయన నాయనకు చిన్ననాటి స్నేహితుడు. తర్కం చదివినవాడు. ఊళ్లో ఏ పంక్తిలో ఎవరు కూర్చోవచ్చో ఆయన చెప్పిందే మాట. జీవితంలో అబద్ధం ఆడలేదని పేరు. అది ఆయన చెప్పుకున్న పేరు కాదు, ఆయనంటే పడనివాళ్లు కూడా ఒప్పుకున్న పేరు. అందుకే నాకు ఆశ లేదు.

రెండు వారాలు ఆలోచించి ఆయన పిలిపించాడు. "దాటినాడని ఊరంతా అంటా ఉండారు. ఊరు అనడం ప్రమాణం కాదు. వాడు ఏవో బొమ్మలు తెచ్చినాడంట గదా. తెమ్మను. కంటితో చూసి తేలుస్తా."

"వాణ్ణే అడగండి. చెబుతాడు" అన్నాడు చిన్నాయన. ఆయనకు బుర్ర తక్కువ కాదు గాని నోరు ఎక్కువ.

"వాడి మీదే గదా అనుమానం. అనుమానం ఉన్నోడి మాట చెల్లదు. వాడు నోరు మెదపకూడదు."

అలా, నేను ఎక్కడికి వెళ్లానో తేల్చే సభలో నన్ను ఎవరూ ఏమీ అడగలేదు.

పెద్దాయన స్నానం చేసి మడి కట్టుకుని కూర్చున్నాడు. ఫొటోలు ఒకదాని మీద ఒకటి అంటుకుని ఉంటే, వేలు నాలుకకు అద్దుకుని ఒక్కొక్కటీ విడదీశాడు. ఫొటో కాగితానికి కోడిగుడ్డు తెల్లసొన పూస్తారు. ఆ గుడ్లు పగలగొట్టి సొన గిలకొట్టింది నేనే. పెద్దాయన వేలు కాగితానికి, కాగితం నుంచి నాలుకకు, మళ్లీ కాగితానికి వెళుతుంటే చూస్తూ నిలబడ్డాను. నోరు మెదపొద్దన్న ఆజ్ఞ ఉంది. మెదపలేదు.

మొదట ఏనుగులు దుంగలు దొర్లిస్తున్న ఫొటో.

"ఏనుగులు" అన్నాడు పెద్దాయన.

"మన దిక్కున ఏనుగులు యాడుండాయి?" అన్నాడు చిన్నాయన.

"జమీందార్లకు లేవా? దుంగలంటే అడవి. అడవంటే ఉదయగిరి. పెట్టు పక్కన."

తర్వాత రంగూన్ గుడి. బోర్లించిన గంట లాంటి శిఖరం.

"ఇట్టాంటి గుడి నేను చూళ్లేదు" అన్నాడు చిన్నాయన.

"ఉదయగిరి కొండ మీద పాడుబడ్డ గుడులు చానా ఉండాయి. నువ్వు కొండెక్కినావా?"

"లా."

"నేనూ ఎక్కలా. ఎక్కనోళ్లం లేదనడానికి లేదు. ఉదయగిరి."

అలా పధ్నాలుగు ఫొటోలు ఉదయగిరి కొండ మీదికి చేరాయి. చుట్ట కాలుస్తున్న బర్మా ముసలమ్మను చూసి, "మన పల్లెల్లో అవ్వలు తాగడం లా?" అని పెన్న ఒడ్డు పల్లెల్లో వేశాడు. తర్వాత పొగ ఓడ వచ్చింది. దాన్ని చూడగానే చిన్నాయన నా వంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ఇది ఎందుకు తెచ్చావురా అన్న చూపు. పెద్దాయన దాన్ని దగ్గరగా, దూరంగా పట్టుకుని చూశాడు.

"ఓడ రేవులో ఉండాది. ఓడను చూడ్డం పాపం కాదు, ఎక్కడం పాపం. వీడు ఎక్కినట్టు బొమ్మలో లేదు."

ఐరావతి వచ్చింది. అవతలి ఒడ్డు ఒక గీతలా కనిపించే నది. దాన్ని ఆయన చాలాసేపు చూశాడు.

"పెన్న" అన్నాడు.

"పెన్నలో ఇన్ని నీళ్లా?" అన్నాడు చిన్నాయన. కరువంతా పెన్న ఇసుక తవ్వి ముంతలతో నీళ్లు తోడుకున్నవాడు ఆయన.

"వరదప్పుడు సోమశిల దగ్గర చూడు. ఈ ఏడు వానలు పళ్లా?"

తర్వాత ఒక కలప అడితిలో కూర్చుని గరిటె చెక్కుతున్న మనిషి ఫొటో. దాన్ని చూడగానే పెద్దాయన మొహం విప్పారింది. "వీడు మన ఉదయగిరి గరిటెల సాయిబు గదరా! మా ఇంట్లో పులుసు గరిటె వీడు చెక్కిందే. ఉదయగిరి సాయిబు యాడుంటాడు? ఉదయగిరిలో ఉంటాడు. చూసినావా, ఈ ఒక్కటి చాలు."

మనిషి ఉదయగిరి సాయిబే. అతను రెండేళ్లు రంగూన్ కలప అడితిలో పనిచేసి, నాకంటే ముందే తిరిగొచ్చాడు.

చివరికి అద్దం ఫొటో. అది ముసలాయన నన్ను తీసింది. రెండో ప్రయాణంలో ఒక పొద్దున మొహం కడుక్కుందామని నది మెట్ల మీద కూర్చుని దోసిట్లో నీళ్లు తీసుకున్నాను. "కదలకు" అని అరిచాడు. కదలకుండా ఉన్నాను. జంధ్యం వేసుకున్న దక్షిణాది మనిషి ఫొటో తన దగ్గర లేదట. గాజు పలక మీదే నేరుగా బొమ్మ నిలిపి, వెనక నల్లరంగు వేసి నాకే ఇచ్చేశాడు.

అలా నేరుగా పలక మీద నిలిపిన బొమ్మలో కుడి ఎడమ అవుతుంది, ఎడమ కుడి అవుతుంది. మామూలుగా ఎడమ భుజం మీద ఉండే నా జంధ్యం ఆ బొమ్మలో కుడి భుజం మీద ఉంది. మన దగ్గర జంధ్యం కుడి భుజానికి మారేది పితృకార్యంలోనే. దోసిట్లో నీళ్లు. ఎదురుగా నది.

పెద్దాయన ఫొటోను రెండు చేతులతో కళ్లకు అద్దుకున్నాడు.

"వీడు తర్పణం వదులుతా ఉండాడు. వాళ్ల నాయన పోయినాక, పెన్న ఒడ్డున. ఇంకేం కావాల?"

"మరి అక్కడిదాకా వచ్చినోడు ఇంటికెందుకు రాలా?" అన్నాడు చిన్నాయన. ఈయన నా పక్షమో కాదో నాకు ఆ రోజంతా అర్థం కాలేదు.

"అది తప్పే. దానికి ప్రాయశ్చిత్తం లేదు, తిట్లుండాయి. ఇంటికి తీసకపోయి తిట్టుకో."

ఇదీ జరిగింది. ఇక తద్దినానికి పదకొండు రోజులు.

నాలుగో రోజు ఉదయగిరి సాయిబు గరిటెల మూట భుజాన వేసుకుని ఆత్మకూరు వచ్చాడు. మూట దించకుండానే మొదలుపెట్టాడు.

"ఏంది పంతులూ, నువ్వు రంగూన్ పోలేదంటనే?"

"మెల్లగా, భాయ్."

"మెల్లగా ఏంది? నువ్వు పోకుంటే నేనెట్ట పోయినాను? మీ అయ్యోరు నన్ను ఉదయగిరిలోనే కూర్చోబెట్టినాడంట గదా. మా ఊరంతా పాకింది. నిన్న పొద్దున రంగూన్ కబుర్లు చెబతా ఉంటే, మా బావమరిది ఏమన్నాడో తెలుసా? 'ఆపు బావా, నువ్వు ఊరు దాటలేదని ఆత్మకూరులో తేల్చినారు' అన్నాడు. పదిమంది నవ్వినారు."

"ఏడు రోజులు ఆగు. మా నాయన తద్దినం ఉంది."

"ఏం మనుషులు సామీ మీరు! నేను పోయొచ్చినానంటే పిలిచి కూర్చోబెట్టి అన్నం పెడతారు. నువ్వు పోయొచ్చినానంటే అన్నం పెట్టరు. ఎక్కింది ఒకటే ఓడ, కక్కింది ఒకటే బకెట్టు."

నేను చేతులు పట్టుకున్నాను. అతను మూట దించి కూర్చున్నాడు. మూటలోంచి ఒక అట్లకాడ లాగి అన్నాడు: "మీ నాయన మంచోడు. అట్లకాడ తీసుకుంటే అటూ ఇటూ పది సార్లు తిప్పి చూసేటోడు. సరే. ఆత్మకూరులో నేను నోరెత్తను. నువ్వు ఉదయగిరి వచ్చి, మా దుకాణం ముందర, అది రంగూనే అని చెప్పు. ఆత్మకూరులో నువ్వు పోవద్దు, ఉదయగిరిలో పో. నాకేం ఇబ్బంది లేదు."

నాకు వేరే దారి కనిపించలేదు. అతని వెంటే బండెక్కి మర్నాటికి ఉదయగిరి చేరాను. కొండ కింద దుకాణం. లోపలంతా చెక్కపొట్టు వాసన. పాతిక మంది పోగయ్యారు, ముందు వరసలో బావమరిది. నేను ఓడ సంగతి, రేవు సంగతి, అడితి సంగతి చెప్పాను. సాయిబు మధ్యమధ్య నన్ను దిద్దుతూ వచ్చాడు.

"మూడు రోజులు కక్కినాం" అన్నాను.

"నువ్వు నాలుగు రోజులు. నేను రెండు" అన్నాడు సాయిబు.

"రంగూన్ రేవులో దిగినప్పుడు..." అని మొదలుపెట్టి తలెత్తాను. జనం వెనక తాటాకు గొడుగు వేసుకుని పెద్దాయన నిలబడి ఉన్నాడు. చంకలో గుడ్డలో చుట్టిన నా ఫొటోలు. తీర్పు రోజున అవి ఆయన దగ్గరే ఉండిపోయాయి.

నా మాట ఆగిపోయింది. బావమరిది, "దిగినాక?" అన్నాడు. నేను దిగలేదు.

పెద్దాయన ముందుకొచ్చి సాయిబును అడిగాడు: "కొండెక్కే దారి ఏదిరా?"

"మీరు ఎక్కలేరు సామీ. వెయ్యి మెట్లకు పైన ఉండాయి."

"పధ్నాలుగు బొమ్మలు ఈ కొండ మీద ఉండాయని నా నోటితో చెప్పినా. చూడకుండా చెప్పినా. నాలుగు రోజుల్నించి అన్నం సయించడం లా. చూసొస్తా."

అరవై దాటిన మనిషి. సాయిబు ఒక పక్క, అంటుకోకుండా. నేను ఒక పక్క. మధ్యలో మూడుసార్లు కూర్చున్నాడు. నేను చెప్పిన మాటలు విన్నదీ లేనిదీ ఆయన అనలేదు, నేను అడగలేదు. పైన కూలిన గోడలు, ముళ్లపొదలు, ఒక మసీదు, కప్పు లేని గుడులు, మేకలు. గంట బోర్లించినట్టున్న శిఖరం ఎక్కడా లేదు. పెద్దాయన ఫొటో విప్పి చేత పట్టుకుని ఒక్కో గుడి ముందూ నిలబడ్డాడు. ఫొటో వంక, గుడి వంక, మళ్లీ ఫొటో వంక. ఒక మేక కూడా ఆగి ఆయన్నే చూసింది. సాయిబు నవ్వు ఆపుకోలేక గోడ చాటుకు పోయాడు.

చివరికి ఒక రాతి మీద కూలబడి, ఊపిరి తీసుకుని అన్నాడు: "ఇప్పుడు లేదు. బొమ్మ తీసినాక పడిపోయి ఉంటాది."

"ఉంటుంది మామయ్యా" అన్నాను.

కింద పొలాలు పచ్చగా ఉన్నాయి. రెండేళ్ల తర్వాత వచ్చిన పచ్చ. ఆయన అటే చూస్తూ అడిగాడు: "రంగూన్ బియ్యం అక్కడ కూడా అంత ముతగ్గానే ఉంటాయా?"

"అంతే" అన్నాను.

"ధాతలో ఓడల మీద దించినారు గదా. రేవు నించి బండ్ల మీద వచ్చినాయి. మీ నాయనా నేనూ ఒక మూట పంచుకున్నాం. సముద్రం దాటిన బియ్యం. వాటికి అనుమతి పత్రం యాడుంది అని నేను అడగలా. ఆకలేసింది, తినేసినా." లేచి గొడుగు తీసుకున్నాడు. "పద. ఎండెక్కుతా ఉండాది."

తద్దినం జరిగింది. ఇద్దరు భోక్తల్లో ఒకరు పెద్దాయనే. ఎవరూ అడక్కముందే వచ్చి విస్తరి ముందు కూర్చున్నాడు. నేను జంధ్యం కుడి భుజానికి మార్చుకుని నీళ్లు వదిలాను. ఈసారి నిజంగానే. అమ్మ సాయిబు గరిటెతో పులుసు వడ్డించింది. సాయిబు బావమరిది మాత్రం, నేను రేవులో దిగకుండానే మాట ఆపానని చెప్పి, మా ఇద్దర్నీ చాలా కాలం నమ్మలేదట.

వెళ్లేముందు పెద్దాయన ఫొటోలన్నీ తిరిగిచ్చాడు. ఐరావతి ఫొటో అమ్మకివ్వమన్నాడు. అద్దం ఫొటోను మాత్రం కాసేపు చేతిలోనే ఉంచుకుని, "ఇది ఏ రోజు తీసింది?" అన్నాడు. సభలో నన్ను ఏమీ అడగని మనిషి ఆ బొమ్మల గురించి నన్ను అడిగింది అదొక్కటే.

తెలియదన్నాను. నిజంగా తెలియదు. తర్వాత పత్రిక పనిలో పడ్డాక ఏ చిన్న కాగితం మీదైనా ముందు తేదీ వేసే అలవాటు నాకు అబ్బింది. అప్పుడు లేదు. ఆ రెండో ప్రయాణంలో పడవ ఆ రేవులో తొమ్మిది రోజులు ఆగింది. అది మిల్లు సెలవు చీటీ ఉండబట్టి తెలుసు. నాయన పోయింది ఆ తొమ్మిదిలో అయిదో రోజున. అది చిన్నాయన జాబులో ఉంది. నేను మొహం కడుక్కోడానికి దోసిట్లో నీళ్లు పట్టుకుని కదలకుండా కూర్చున్నది దానికి ముందో తర్వాతో రెండు కాగితాల్లోనూ లేదు. పలక వెనక ముసలాయన నల్లరంగు మీద గోటితో గీసిన అంకె ఒకటి ఉంది. అది పలక వరస సంఖ్య. తేదీ లేదు.